చెమట పట్టే సరదా

మా తరం తెలుగువాళ్ళకి సరదా అంటే చెమట పట్టనిది. పేకాట సరదా, సినిమా సరదా, అరుగు మీద కబుర్లు సరదా. చెమట పట్టిందంటే దానికో ఫలితం కనబడాలి. ర్యాంకో, జీతమో, కనీసం నడుం చుట్టుకొలతలో రెండంగుళాల తగ్గుదలో. ఇవేవీ రాకుండా ఒళ్ళు హూనం చేసుకునేవాణ్ణి ఏ లెక్కలో వేసుకోవాలో మనవాళ్ళకి తెలీదు. నేను కొండదారుల్లో సైకిల్ తొక్కుతాను. పోటీలకి వెళ్ళను. బరువు తగ్గిందీ లేదు. పోనీ బాగా తొక్కుతానా అంటే, ఓ మాదిరిగా తొక్కుతాను. ఇన్నేళ్ళ తరవాత కూడా ఓ మాదిరే. ఇకముందూ అంతకు మించి పోదని నాకు తెలుసు. అలా తెలిసి ఉండడం ఎంత హాయో చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

ఏటా ఏప్రిల్‌లో కాలిఫోర్నియా తీరాన మాంటెరే దగ్గర ‘సీ ఆటర్ క్లాసిక్’ అని సైకిళ్ళ ఉత్సవం జరుగుతుంది. 1991లో మొదలైంది. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు. మేముండే శాన్ హోజే నుంచి గంటన్నర దారి. గిల్‌రాయ్ దగ్గర కారు అద్దం దించితే వెల్లుల్లి వాసన, సలీనాస్ చుట్టుపక్కల కనుచూపు మేర ఆకుకూర మళ్ళు. ఉత్సవం జరిగేది లగూనా సేకా అనే కార్ల రేసు ట్రాకులో. 1957లో కట్టిన ఆ ట్రాకులో ‘కార్క్‌స్క్రూ’ అని ఒక మలుపుంది. కారు ఎడమకీ కుడికీ తిరిగేలోగానే దాని కింద నేల 59 అడుగులు దిగిపోతుంది. కార్ల రేసుల పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ పేరు చెబితేనే కళ్ళు మెరుస్తాయి. ఆ నాలుగు రోజులూ మాత్రం అక్కడ పెట్రోలు వాసన ఉండదు. కాఫీ, సన్‌స్క్రీను, చైన్లకి వేసే నూనె, పక్క కొండల మీంచి వచ్చే ఎండుగడ్డి వాసన.

పోటీలకి లోటు లేదు. అడవిదారుల్లో మైళ్ళకి మైళ్ళు తొక్కేవి, వాలు మీంచి దూసుకుపోయేవి, పక్కపక్కనే రెండు బాటల్లో ఇద్దరిద్దరుగా దిగే డ్యూయల్ స్లాలమ్, తారురోడ్డు మీదివి, కంకరదారి మీదివి. ప్రపంచస్థాయి వాళ్ళతో పాటు మామూలు జనానికీ వయసు వారీగా, పాటవం వారీగా తరగతులుంటాయి. చిన్నపిల్లలకీ పోటీలుంటాయి. ఇవన్నీ కాక గ్రాన్ ఫాండో అని, ర్యాంకులు లేని సవారీలుంటాయి. డబ్బు కట్టడం, నంబరు ప్లేటు హ్యాండిల్‌కి తగిలించుకోవడం, గుర్తులు పెట్టిన దారిన పోయి రావడం. అంతే. నేను అక్కడి మనిషిని.

మొదటిసారి వెళ్ళబోతూ మా నాన్నకి ఫోన్‌లో చెప్పాను.

“సైకిల్ తొక్కడానికి డబ్బు కడతారట్రా?”

“అవును నాన్నా.”

“ఎక్కడి దాకా తొక్కాలి?”

“కొండల్లో తిరిగి, బయల్దేరిన చోటికే వస్తాం.”

“మరి వెళ్ళడం దేనికి?”

ఆయన వెటకారంగా అడగలేదు. నాన్న భీమవరం పక్క పల్లెల్లో బడిపంతులుగా చేశారు. సైకిల్ మీదే బడికి వెళ్ళారు, సైకిల్ మీదే బియ్యం బస్తా తెచ్చారు, జ్వరమొస్తే నన్ను ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆయన లెక్కలో సైకిల్ ఎక్కడికో ఒకచోటికి చేర్చాలి. ఎక్కడికీ చేర్చని సైకిల్ ఆయనకి అర్థం కాలేదు. ఆరోగ్యం కోసం నాన్నా, అని చెప్పి ఆ పూటకి తప్పించుకున్నాను. ఆరోగ్యం అంటే మనవాళ్ళు ఇక మాట్లాడరు. నిజానికి ఆరోగ్యం కోసమే అయితే ఇంటి వెనక పార్కులో నడవొచ్చు, మోచేతుల మీద చర్మమైనా మిగులుతుంది.

నాన్న ప్రశ్న మాత్రం వదల్లేదు. కొత్త ప్రశ్న కూడా కాదది. ఏ కొరతా లేని బ్రహ్మానికి సృష్టి చేయాల్సిన అవసరమేమొచ్చిందని బ్రహ్మసూత్రాల్లో ఒకచోట చర్చ వస్తుంది. లోకంలో ఉన్నట్టే అది వట్టి లీల అని అక్కడ సమాధానం. దానికి శంకరులు భాష్యం రాస్తూ చెప్పిన ఉదాహరణ నాకు భలే ఇష్టం. కోరికలన్నీ తీరిన రాజో, మంత్రో ఏ ప్రయోజనమూ ఆశించకుండా వినోద విహారాలు చేసినట్టు, అంటారు. వేదాంతం సంగతి పెద్దలకి వదిలేస్తాను. ఉదాహరణగా రాజునే ఎందుకు ఎంచుకున్నారన్నదే నా గోల. ఆకలున్నవాడు ఆడడు. ఆడటానికి ముందు లోటు తీరాలి. నాన్నకి తీరలేదు, నాకు తీరింది. నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగం, ఇన్సూరెన్సు, శనివారం ఖాళీ. బయల్దేరిన చోటికే తిరిగొచ్చే సైకిలెక్కే హక్కు నాకు అక్కణ్ణించి వచ్చింది. ఆయన తొక్కిన సైకిల్ నన్ను ఇక్కడికి చేర్చింది కాబట్టే నా సైకిల్ ఎక్కడికీ చేర్చక్కర్లేకపోయింది. ఈ ఆటని ఏదో ఆధ్యాత్మిక సాధన అన్నట్టు రాసేవాళ్ళు ఈ ముక్క ముందు ఒప్పుకుంటే బాగుంటుంది.

సరే, రాజుకి లోటు లేదు. ఉత్సవంలోకి అడుగుపెట్టిన పావుగంటకి నాకు మాత్రం బోలెడన్ని లోట్లు కనబడ్డాయి.

మైదానం నిండా గుడారాలు, వందల కంపెనీలు. ఫ్రేములు, ఫోర్కులు, టైర్లు, మోకాళ్ళకి కట్టుకునే తొడుగులు, ట్యూబు లేని టైర్లలో పోసే పాలలాంటి ద్రవం. పదివేల డాలర్లు దాటిన సైకిళ్ళు చేతికందేలా నిలబెడతారు. ఆ డబ్బుకి మనూళ్ళో కారే వస్తుంది. డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చి, కాళ్ళూ చేతులూ విరిగితే బాధ్యత నాదేనని సంతకం పెడితే కాసేపు తొక్కి చూడొచ్చు కూడా. ఒక గుడారంలో కుర్రాడు నా బరువడిగాడు. ఈ సైకిళ్ళకి ముందు ఫోర్కులోనూ వెనక షాకులోనూ ఉక్కు స్ప్రింగు బదులు గాలి ఉంటుంది. పొట్టి పంపుతో గాలి కొట్టి, ఫోర్కు గొట్టానికున్న సన్నటి రబ్బరు రింగుని అడుగుకి జరిపి, మెల్లగా ఎక్కి కూర్చోమన్నాడు. మెల్లగా దిగమన్నాడు. చూస్తే రింగు పైకి జరిగి ఉంది. నా బరువుకి ఫోర్కు ఎంత కుంగిందో అదే గుర్తు. మొత్తం కదలికలో నాలుగోవంతు కుంగితే చాలునట, నాకు మూడోవంతు దాటింది. ఇంకాస్త గాలి కొట్టి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ దింపి, రింగు చూసి తలూపాడు. ఆ సైకిలెక్కి పక్కనున్న వాలులో దిగితే రాళ్ళు మెత్తబడ్డాయి. తిరిగొచ్చి నా పాత సైకిలెక్కగానే అవే రాళ్ళు మళ్ళీ రాళ్ళయ్యాయి.

వ్యాపారం కిటుకంతా అక్కడే ఉంది. మీ కాళ్ళు చాలవని అక్కడెవరూ అనరు, మీ ఫోర్కు చాలదంటారు. కాళ్ళ సంగతైతే మనమే చూసుకోవాలి, ఏళ్ళు పడుతుంది. ఫోర్కుకైతే కార్డు గీకితే చాలు. ఆడుకోడానికి వచ్చినవాడికి తన దగ్గర లేనిదేమిటో చూపించి పంపడం ఆ గుడారాల పని. ఆ పని వాళ్ళు నవ్వుతూ, మర్యాదగా, నిజాయితీగానే చేస్తారు. అబద్ధం ఏమీ చెప్పరు. ఆ సైకిల్ నిజంగానే నా సైకిల్ కంటే మంచిది.

తమాషా ఏమిటంటే ఈ ఆట పుట్టింది పాత సామాన్లతో. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ దగ్గరి పైన్ మౌంటెన్ మీంచి 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్ళు దిగుడు పందెం వేసుకున్నారు. 1930, 40ల నాటి ష్విన్ సైకిళ్ళు, లావు టైర్లు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. రెండు మైళ్ళు కూడా లేని ఆ మట్టిదారి 1300 అడుగులు కిందికి దిగుతుంది. అడుక్కి వచ్చేసరికి ఆ బ్రేకుండే వెనక హబ్బు కాగిపోయి లోపలి గ్రీజు పొగైపోయేది. విప్పి మళ్ళీ గ్రీజు కూరితే గానీ ఇంకోసారి దిగడానికి లేదు. పందేలు నడిపింది చార్లీ కెల్లీ. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ వంటి వాళ్ళు అక్కడ తొక్కినవాళ్ళే. 1977లో బ్రీజ్ ఈ పని కోసమే ఫ్రేము కట్టాడు. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి కంపెనీ పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అనే కొండసైకిల్ని కొట్లలోకి తెచ్చింది. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆటకి పతకాలిచ్చారు. కొండ మీద మొదలైన అల్లరికి ఇరవై ఏళ్ళలో జాతీయగీతాలు పాడించారు.

వ్యాపారం వచ్చి ఆటని పాడు చేసిందని వాపోయేవాళ్ళున్నారు. నేను వాపోను. ఒక్క వేలితో నొక్కితే ఆగే డిస్కు బ్రేకు ఆ వ్యాపారం పెట్టిన భిక్షే. హబ్బులో గ్రీజు తగలబెట్టుకుంటూ కొండ దిగే ధైర్యం నాకు లేదు. అయితే ఆ కుర్రాళ్ళ దగ్గరున్నది, నా దగ్గర తక్కువైనది ఒకటుంది. చేతిలో ఉన్న సైకిల్ చాలనుకోవడం. చాలకపోతే చాలేట్టు చేసుకోవడం.

నేను తొక్కిన దారి ట్రాకు దాటగానే ఫోర్ట్ ఆర్డ్‌లోకి దిగుతుంది. 1917 నుంచి అది అమెరికా సైన్యం స్థలం. రెండో ప్రపంచ యుద్ధానికీ, కొరియాకీ, వియత్నాంకీ వెళ్ళిన సైనికులకి అక్కడ తర్ఫీదిచ్చారు. 1994లో స్థావరం మూసేశారు. 2012లో అందులో పద్నాలుగు వేల ఎకరాలకి పైగా జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఇప్పుడక్కడ నడిచేవాళ్ళకీ, గుర్రాలవాళ్ళకీ, సైకిళ్ళవాళ్ళకీ ఎనభైకి పైగా మైళ్ళ దారులున్నాయి. కొన్నిచోట్ల కంచె మీద బోర్డులుంటాయి, లోపల పేలని గుండ్లు ఉండొచ్చు, దారి తప్పొద్దని. చెప్పిన చోటికి, చెప్పిన పని మీదే తప్ప ఒక్క అడుగు వేయని మనుషుల్ని తయారుచేసిన నేల అది. ఇప్పుడు మాలాంటివాళ్ళం దాని మీద ఊరికే తిరుగుతున్నాం. ఆ నేలకి ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉండదని నా అభిప్రాయం.

పొద్దున పొగమంచు. వంకర తిరిగిన ఓక్ చెట్లు, వాటి కొమ్మల నుంచి నాచులా వేలాడే బూడిదరంగు లైకెన్, ఎర్రటి నున్నని బెరడున్న మాంజనీటా పొదలు. కింద ఇసుకనేల. ఇసుకలో ముందు చక్రం దిగబడ్డప్పుడు కొత్తవాళ్ళు హ్యాండిల్ గట్టిగా పట్టి తిప్పుతారు, పడతారు. వదులుగా పట్టుకుని బరువు వెనక్కి వేసి తొక్కుతూ పోవాలి. రాయి మీదే చూపు పెడితే చక్రం రాయి మీదికే పోతుంది, పోవాల్సిన చోటు చూడాలి. ఈ రెండు ముక్కల్నీ బతుక్కి అన్వయించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళని చాలామందిని విన్నాను. నేనివ్వను. ఇసుకలో తొక్కడం ఇసుకలో తొక్కడమే.

ఒకచోట దారి రాతిబండ మీంచి మనిషెత్తు దిగుతుంది. నా ముందు పదేళ్ళ పిల్ల ఆగకుండా దిగిపోయింది. వాళ్ళ నాన్న దిగాడు. నేను ఆగి, సైకిల్ పక్కన పెట్టి, బండ అంచు దాకా నడిచి చూశాను. కుడివైపు గరుకుగా ఉంది, టైరు పట్టుకుంటుంది. అడుగున ఇసుక, వెంటనే మలుపు. నాకు దిగడం వచ్చు, దిగాక ఆ మలుపు తిరగడమే అనుమానం. సైకిల్ చేత్తో పట్టుకుని పక్కదారిన నడిచి దిగాను. దిగుతుంటే సిగ్గేస్తుందేమోనని నన్ను నేనే గమనించుకున్నాను. వెయ్యలేదు. నాకేం వచ్చో ఏం రాదో అంత స్పష్టంగా, అంత ప్రశాంతంగా ఏ పరీక్ష హాల్లోనూ తెలియలేదు.

పరీక్ష హాలు ఊరికే గుర్తు రాలేదు. ఎన్ని మార్కులొచ్చాయని కాక, ఫస్టు ఎవరికొచ్చిందని అడిగే ఇళ్ళలో పెరిగాం. బొమ్మలేయడం అంత బాగా రాలేదు, మానేశాం. పాట అంత బాగా రాలేదు, మానేశాం. క్రికెట్ మానేశాం, పద్యాలు రాయడం మానేశాం. అలా మానుకుంటూ రాగా చివరికి మిగిలిన ఒక్క పనీ ఉద్యోగమైంది. నలభై ఏళ్ళు వచ్చేసరికి, బాగా వచ్చిన పని తప్ప ఇంకే పనీ చేయని మనుషులమయ్యాం. బాగా రాని పనిని రానట్టే, ఇష్టంగా, ఏళ్ళ తరబడి చేయొచ్చని మాకెవరూ చెప్పలేదు.

ఆ రోగం కొండ మీద కూడా వదలదు. స్ట్రావా అని ఫోన్‌లో ఒక యాప్ ఉంది. ఏ దారిలో ఏ ముక్క ఎంత సేపట్లో తొక్కామో లెక్కగట్టి, అదే ముక్క తొక్కి ఆ యాప్‌లో ఎక్కించినవాళ్ళందరిలో మన ర్యాంకు చెబుతుంది. ఎవరూ లేని అడవిలో, ఎవరితోనూ పోటీ పెట్టుకోకుండా తొక్కి ఇంటికొస్తే, జేబులోంచి ర్యాంకు బయటికొస్తుంది. గుడారంలో కుర్రాడు చూపించింది వస్తువుల్లో లోటు, ఇది చూపించేది నాలో లోటు. రెండింటికీ అడుగున ఉన్నది ఒకటే మాట: నువ్వు ఇంకా చేరాల్సిన చోటు ఉంది. చేరాల్సిన చోటు లేకపోవడమే ఈ ఆటలోని సుఖం అనుకుంటే, ఆ మాట వినగానే ఆట ఆగిపోతుంది. యాప్ తీసేశాను. దారి తెలియడానికి మ్యాపు ఉంచుకున్నాను.

అలాగని బాగా తొక్కేవాళ్ళంటే గిట్టదని కాదు. మధ్యాహ్నం డ్యూయల్ స్లాలమ్ చూడ్డానికి గడ్డివాలు మీద కూర్చుంటే సాయంత్రం దాకా లేవబుద్ధి కాలేదు. ఇద్దరు ఒకేసారి గేటు దాటతారు, మట్టిగుట్టల మీద, ఏటవాలు మలుపుల్లో పక్కపక్కనే దిగుతారు, తరవాత బాటలు మార్చుకుని మళ్ళీ దిగుతారు. నా పక్కన కూర్చున్న మిత్రుడు ఎన్నడూ సైకిల్ తొక్కినవాడు కాదు. అతనికి వేగం కనబడింది, ఎగరడం కనబడింది. నాకు వేరేది కనబడింది. మలుపుకి ముందు బ్రేకు వదిలేసిన క్షణం. గుట్ట మీద గాల్లోకి లేవకుండా మోకాళ్ళు మడిచి చక్రాల్ని నేలకే అంటిపెట్టి ఉంచడం. ఎగిరితే జనం అరుస్తారు, ఎగరకపోతే గెలుస్తారు. అది ఎంత కష్టమో, ఏళ్ళ తరబడి చేయబోయి చేయలేకపోయినవాడికి తెలుస్తుంది. వర్ణం దాకా సంగీతం నేర్చుకుని వదిలేసినవాళ్ళు కచేరీలో కూర్చుని ఏ చోట తలూపుతారో గమనించండి, అదీ అలాంటిదే. మనవాళ్ళు సహృదయుడన్నది ఇలాంటి మనిషినే అయుంటుంది. ఓ మాదిరిగా వచ్చినవాడు లేకపోతే, బాగా వచ్చినవాడి విద్యలో సగం ఎవరికీ కనబడకుండా పోతుంది.

ఇంకో సంగతి. దారులు వాటంతటవి ఉండవు. పొద్దుటి సవారీ తిరుగుదారిలో ఒక పెద్దాయన, డెబ్భై ఏళ్ళుంటాయి, ఒకవైపు దంతె పళ్ళు, ఇంకోవైపు పార అంచు ఉన్న పనిముట్టుతో దారి అంచు చెక్కుతూ కనిపించారు. నీళ్ళ సీసా కోసం ఆగితే మాటల్లో పెట్టారు. దారి ఎప్పుడూ లోయవైపు కాస్త వాలి ఉండాలట. వాన కురిస్తే నీళ్ళు పక్కకి జారిపోవాలి. దారి వెంట పారడం మొదలుపెట్టాయా, ఒక్క చలికాలంలో దారి కాలవైపోతుంది. సైకిళ్ళు తిరిగి తిరిగి మధ్యలో గాడి పడుతుంది, అంచున మట్టి పేరుకుంటుంది, ఆ పేరుకున్నది చెక్కేస్తే గానీ నీళ్ళకి దారి దొరకదు. ఆయన చెక్కుతున్నది అదే. జీతం లేదు. ఆయన సైకిల్ పక్కన చెట్టుకి ఆనించి ఉంది, నా దానికన్నా పాతది. ఎంత వేగంగా తొక్కుతారో అడగాలనిపించలేదు.

అక్కణ్ణించి ట్రాకు దాకా ఎక్కుడు. ఉత్సవం జరిగే చోటు పైన, దారులు కింద. కాబట్టి సరదా అంతా ముందు తీరిపోయి, బాకీ ఆఖర్న కట్టాలి. చిన్న గేర్లో గంటకి నాలుగు మైళ్ళ లెక్కన ఎక్కుతుంటే, “ఎడమ పక్క వస్తున్నా” అంటూ ఒకరి తరవాత ఒకరు దాటిపోయారు. పొద్దున్న బండ దిగిన పిల్ల కూడా దాటిపోయింది, వెనక్కి తిరిగి “బాగా తొక్కుతున్నారు” అని పెద్దరికంగా చెప్పి మరీ.

ఏప్రిల్‌లో బే ఏరియాకి పిల్లల దగ్గరికో పని మీదో వచ్చేవాళ్ళుంటే ఒక రోజు అటు వెళ్ళండి. సైకిల్ లేకపోయినా ఫరవాలేదు, తొక్కి చూడ్డానికి ఇస్తారు. సొంత సైకిలుంటే ర్యాంకుల్లేని సవారీకే పేరివ్వండి. పొద్దున చలి, మధ్యాహ్నం ఎండ, రెండింటికీ బట్టలుంచుకోండి. నీళ్ళు ఎక్కువ పట్టుకెళ్ళండి. దారి పక్కన మూడేసి ఆకులున్న పొదల్ని తాకొద్దు, పాయిజన్ ఓక్ అంటారు, వారం రోజులు దురద. మీకు రానిచోట దిగి నడవండి. గుడారాల్లో ఎంత ఖరీదైన సైకిలైనా మొహమాటపడకుండా అడిగి తొక్కండి. కొనాలనిపిస్తే మాత్రం ఆ రోజు కొనొద్దు. ఇంటికొచ్చి నెల్రోజులు పాతదే తొక్కండి, అప్పటికీ కావాలనిపిస్తే కొనుక్కోండి.